లాగ్‌బుక్‌లో రాయని వైరు

2004. పదకొండేళ్లు ఓడల మీద ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా తిరిగొచ్చి, జూబ్లీ హిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు జనరేటర్ల కాంట్రాక్టు చూస్తున్నాను. సెల్లార్‌లో రెండు డీజిల్ జనరేటర్లు, ఓడలోలాగే కలిసి లోడు మోసేవి.

ఇలా జతగా నడిచేవాటితో ఒక పేచీ ఉంది. ఒకదాని ఇంజన్ చచ్చినా కరెంటు పుట్టించే దాని ఆల్టర్నేటర్ ఆగదు. పక్కదాని కరెంటు తీసుకుని మోటారులా తిరుగుతూ చచ్చిన ఇంజన్‌ను ఈడుస్తుంది. ఆ ఎదురు కరెంటును పసిగట్టి బ్రేకర్‌ను పడగొట్టేదే రివర్స్ పవర్ రిలే. ఓడలో దాని జోలికి వెళ్లినవాణ్ని చీఫ్ ఇంజనీర్ బతకనివ్వడు.

ఒక వారంలో ఆఫీసు రిలే రెండుసార్లు బ్రేకర్‌ను పడగొట్టింది. సగం అంతస్తులకు కరెంటు పోయింది. మేనేజర్ ప్రసాద్ గారు నన్ను పిలిపించారు.

"క్లయింట్‌తో మాట్లాడుతుంటే చీకటైపోతోందండీ. ఆ రిలే ఏదో తీసేయండి. మీవల్ల కాకపోతే చెప్పండి, వేరేవాళ్లను చూసుకుంటాం."

ఆపరేటర్ యాదగిరిది రహమత్ నగర్. అంతకుముందు ఫిల్మ్ నగర్‌లో షూటింగులకు జనరేటర్ వ్యాన్ నడిపేవాడు.

"రిలే మంచిగనే ఉంది సార్. రెండో నంబర్ల ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, గందుకే ఇంజన్ బంద్ అయితుంది. రిలే తీస్తే మొత్తం ఖరాబైతది" అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. నాకూ తెలుసు. అయినా కాంట్రాక్టు పోతుందన్న భయంతో రిలే నుంచి బ్రేకర్‌కు వెళ్లే ట్రిప్ వైరు పీకేశాను.

"కొత్త ఆయిల్ పంపు వచ్చేదాకే. లాగ్‌బుక్‌లో రాయకు" అన్నాను. ఓడలో బల్బు మార్చినా రాసేవాళ్లం.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి జనరేటర్లు రెండూ నడిచాయి. కాసేపటికి ఆయిల్ ప్రెషర్ పడిపోయి రెండో ఇంజన్‌కు డీజిల్ ఆగింది కానీ తిరగడం ఆగలేదు. యాదగిరి స్టాప్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. సంగతి అర్థమై అతను ప్యానెల్ దగ్గరకు పరుగెత్తి బ్రేకర్ పడగొట్టేలోపే, ఆయిల్ లేని ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు బద్దలైంది.

రిపోర్టులో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాశారు. ప్రసాద్ గారి గదిలో యాదగిరి నావైపు తిరిగాడు.

"సార్, వైర్ సంగతి మీరే జర చెప్పుండ్రి."

ప్రసాద్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. నేను లాగ్‌బుక్ పేజీలు తిప్పాను. అందులో ఏమీ లేదు. సాయంత్రానికి యాదగిరి ఉద్యోగం పోయింది, నా కాంట్రాక్టు నిలిచింది.

రిలేకు ఎవరన్నా భయం లేదు. నాకుంది. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. ఆ వైరు తీసింది యాదగిరి కాదు, నేను. లాగ్‌బుక్‌లో రాయాల్సిన ఈ ఒక్క ముక్క, అతను ఇది చదవడన్న ధైర్యంతో, ఇక్కడ రాస్తున్నాను.