ఎడమ మూల

శంకరమ్మకు కోపం వస్తే చేతులు నెమ్మదిస్తాయి. ఆ ఉదయం సుకన్య పొట్ట మీది పట్టీ విప్పుతుంటే అవి మరీ నెమ్మదిగా కదిలాయి.

సుకన్యది మాక్లూర్ దగ్గర పల్లె. కాన్పు ఆపరేషనై పదహారు రోజులైంది. బిడ్డ బాగానే ఉంది. గాయమే ఎడమ మూలన విచ్చుకుని మానడం లేదు. బీడీలు చుట్టే పిల్ల, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోలేకపోతోంది.

"నీళ్లు తాకనియ్యలేదవ్వా, ఒట్టు. కుట్లేసిన డాక్టర్ సారేమో నీకు సుబ్రం లేదన్నడు. మా అత్త గదే పట్టుకున్నది. వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్నది."

"పట్టీ ఇప్పి చూసిండా?"

"ఏడ చూసిండు! బల్ల అవుతలికెల్లే అన్నడు."

నిజామాబాద్‌లోని ఆ దవాఖానలో పంతొమ్మిదేళ్లుగా కట్లు కట్టే గది శంకరమ్మది. డాక్టర్లు కుట్లు వేసి వెళ్తారు. వారానికి వాటిని విప్పేది ఆమె. గాయం విచ్చుకుని తిరిగొచ్చిన వాళ్లను ఆ రోజు ఎవరుంటే వాళ్లు చూసి మందు రాసి పంపుతారు. కుట్టిన చేతికి ఆ కబురు చాలాసార్లు చేరదు. నెలకోసారి మీటింగు పెట్టి, చీము పట్టిన కేసులు ఇన్ని, అందరూ జాగ్రత్తగా ఉండాలి అని కాగితం గోడకు అంటిస్తారు. ఎవరు, దేంట్లో జాగ్రత్తగా ఉండాలో అందులో ఉండదు. అది చదివినప్పుడల్లా శంకరమ్మకు ఒళ్లు మండుతుంది.

దవాఖానకు రాకముందు ఆమె కూడా బీడీలు చుట్టింది. కార్ఖానాలో బీడీలు సరిచూసేవాళ్లు ఇద్దరుండేవారు. ఒకడు నచ్చని కట్టను విరిచి మొహాన కొట్టేవాడు. ఆడవాళ్లు ఏడ్చి, మర్నాడు మళ్లీ అట్లాగే చుట్టుకొచ్చేవాళ్లు. రెండోవాడు రాజలింగు. పక్కకు పిలిచి, బీడీ విప్పి, ఆకు చిరిగినచోట బొటనవేలు పెట్టేవాడు. "గీడ దారం గుంజుతున్నవు బిడ్డా. గిది సూడు. గిది గూడ సూడు." మూడు చూపించి పంపేవాడు. నాలుగోది తప్పు చుట్టాలన్నా చెయ్యి రాకపోయేది.

ఇంత తెలిసీ రెండు నెలల కిందట శంకరమ్మ నోరు జారింది. డాక్టర్ భానుప్రసాద్ వార్డులో తిరుగుతుంటే పన్నెండు మంచాల ముందు "మీ కుట్లే ఇప్పుకుంటున్నయి సార్" అనేసింది. వార్డంతా నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది.

"డాక్టరీ ఎక్కడ చదివావమ్మా నువ్వు?"

ఆమెను బట్టలుతికే చోటికి మార్చమన్నాడు. పెద్ద నర్సు విమలమ్మ బతిమాలి ఆపింది. ఆ రాత్రి శంకరమ్మకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో తన మీద తనకూ అంత కోపం వచ్చింది. కట్ట విరిచి మొహాన కొట్టింది తనే కదా.

మర్నాటి నుంచి దూది చుట్టొచ్చే నీలం కాగితాలు దాచడం మొదలుపెట్టింది. కుట్లు విప్పిన ప్రతి మనిషికీ ఒక కాగితం. పొట్ట కోతకు ఒక గీత, విచ్చుకున్నచోట ఒక చుక్క, ఆపరేషన్ తారీఖు, డాక్టరు పేరు.

ఆ ఉదయం సుకన్య కాగితం మీద చుక్క పెట్టి, భానుప్రసాద్‌ను ఒక్కడినే రమ్మని కబురు పంపింది. రేపు మళ్లీ ఆరుగురు ఆయన చేతి కిందికి పోతారు. ఇక ఆగడం ఆమె వల్ల కాలేదు.

భానుప్రసాద్ గుమ్మంలోనే ఆగాడు. "మళ్లీ ఏంటమ్మా?"

"తలుపు దగ్గరికెయ్యుండ్రి సార్. సుకన్యనడిగిన, చూడనిస్తనన్నది."

ఆయన వంగి చూశాడు. శంకరమ్మ గాయం విచ్చుకున్నవాళ్లవి ఏడు కాగితాలు ఏరి బల్ల మీద పరిచి ఒక్కోదాని మీద బొటనవేలు పెట్టింది.

"ఏడూ మీరు చేసినయే. ఏడూ ఎడమ మూలకే. కుడి దిక్కు మంచిగ అతుకుతున్నయి, వంక పెట్టనీకి లేదు. గీ మూలకు కుట్టు ఇప్పేటప్పుడు తోలు తెల్లగుంటున్నది. ఎందుకో నాకెర్క లేదు. కండ్లతోని చూసింది చెప్తున్న."

ఆయన కాగితాలను తిరగేశాడు. తారీఖులు చూశాడు. సుకన్య మంచానికి కుడివైపు నిలబడి, గాలిలో దారం లాగినట్టు చెయ్యి కదిపాడు. ఎడమ మూల దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి పూర్తిగా చాచాల్సి వచ్చింది.

"దూరం" అన్నాడు తనలో తనే. "అక్కడ బిగించి లాగేస్తున్నా." తర్వాత తలెత్తాడు. "ఎవరికైనా చూపించావా?"

"చూపెట్టేదాన్నయితే తలుపెందుకెయ్యమంట?"

"రేపటివాళ్లవి కూడా రాసిపెట్టు. ఇవి నాకివ్వు."

శంకరమ్మ కాగితాల మీద అరచెయ్యి ఆనించింది.

"ఇస్త. గని గీ పిల్లకు సుబ్రం లేదన్నరు. గా మాట మీరే వాపస్ తీస్కోవాలె. దీని అత్త బయట కూసున్నది."

సుకన్య చీర కొంగు పిడికిట్లో బిగించుకుంది. ఆయన కాగితాల వంక, ఆ అరచెయ్యి వంక చూశాడు. తలుపు తీశాడు.

"సుకన్య అత్తగారెవరు? గాయం ఆమె తప్పు కాదమ్మా. కుట్టు నాదే సరిగ్గా పడలేదు." గొంతు సన్నగా ఉంది.

"జర గట్టిగ చెప్పుండ్రి సార్" అంది శంకరమ్మ లోపల్నుంచి. "దీన్నన్నప్పుడు వరండంతా ఇనవడ్డది."

ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి బెంచీల మీది వాళ్లంతా తల తిప్పారు.

శంకరమ్మ కొత్త పట్టీ తీసింది. చేతులు ఇంకా నెమ్మదిగానే ఉన్నాయి.