మేనత్త వేసిన నాలుగడుగులు

మిరప కళ్లంలో కాయలు ఆరబోసిన పట్టా అంచు కాలికి తగులుకుని మా మేనత్త పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆటోలోకి ఎత్తుతుంటే ఏడవలేదు. "ఇంక నా పని అయిపోయినట్టేరా" అంది, అంతే.

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. మా నాయనమ్మకూ ఇదే ఎముక విరిగింది. అప్పట్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లే స్తోమత మాకు లేదు. నులకమంచం మీద మూడేళ్లుండి, లేవకుండానే పోయింది. ఆ మూడేళ్లూ తల్లికి నీళ్లు పోసిందీ, పక్క మార్చిందీ మేనత్తే.

గుంటూరు ఆసుపత్రిలో బల్ల వెనకున్న అమ్మాయి, ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు చూసి, మేనత్త చేత వేలిముద్ర వేయించింది.

"ఎంత కట్టాలమ్మా?" అన్నాను.

"ఏం కట్టక్కర్లేదండి. అనుమతి రాగానే ఆపరేషన్ చేసేస్తారు."

నేను నమ్మలేదు. ఎవరైనా వచ్చి డబ్బులు అడుగుతారేమోనని రెండు రోజులు వార్డు గుమ్మంలోనే నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. మూడో రోజు ఆపరేషన్ అయిపోయింది.

మర్నాడు పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ తెచ్చింది. "లేవండి మామ్మగారూ, నడుద్దాం."

మేనత్త నావైపు చూసింది. "నిన్న కోసి ఇవాళ నడవమంటారేంట్రా?"

చెరో పక్కా పట్టుకున్నాం. పాదాలు నేలకు ఆనాయి. ఒళ్లంతా వణికింది. ఒక అడుగు పడింది. ఆగి, ఇంకోటి. నాలుగడుగుల్లో కిటికీ దాకా వెళ్లింది. ఆ ఎముక విరిగిన మనిషి మా ఇంట్లో మళ్లీ నిలబడటం ఎవరూ చూసి ఎరగరు. ఎవరికి దణ్ణం పెట్టాలో కూడా తెలియలేదు.

డాక్టరుగారు ఎక్స్‌రే చూపించారు. ఎముకల మధ్య తెల్లగా, గుండ్రంగా లోహపు గుండు.

"ఇది నాలోదేనా బాబూ?"

"మీదేనండి."

మేనత్త చాలాసేపు దాన్నే చూసింది. "మా అమ్మకి ఇదొక్కటి పెడితే సరిపోయేదన్నమాట" అంది నెమ్మదిగా.

సాయంత్రం పక్క మంచం మీదికి కనిగిరి వైపు నుంచి ఒకావిడను తెచ్చారు. అదే దెబ్బ. మొహం మీద కొంగు కప్పుకుని ఏడుస్తోంది. మేనత్త వాకర్ ఇటివ్వమంది.

"రేపు నడుద్దువుగాని అత్తా."

"నువ్వు పట్టుకోరా, చాలు."

రొప్పుతూ ఆ మంచం దాకా వెళ్లింది. "అమ్మాయ్, ఒకసారి ఇటు చూడు. నాకు నిన్ననే కోశారు."

ఆవిడ కొంగు తీసింది. ముందు మేనత్త మొహం చూసింది. తర్వాత, ఏడుపు ఆపి, నేలమీద ఆనిన ఆ పాదాల వంకే చూస్తూ ఉండిపోయింది.