మూడు గీతల కోటు

విజయనగరం కంటోన్మెంటులో మా పుట్టింటివాళ్లను ఇప్పటికీ నాయకు గారివాళ్లు అంటారు. మా అత్తింటివాళ్లు సుబేదారు గారివాళ్లు. తెల్లదొరల మద్రాసు పటాలంలో మా ముత్తాతల తండ్రులు చేసిన ఉద్యోగాలవి. పటాలం పోయింది, దొరలు పోయారు, ఆ హోదాలు మాత్రం మా వీధిని పట్టుకుని వదల్లేదు. పెళ్లిచూపులకొచ్చిన మా మామగారు, "నాయకు గారి పిల్ల సుబేదారింటికి వస్తోందంటే ప్రమోషనే కదా!" అని పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయ్యాక మా ఆయన దాన్నే ముద్దుపేరు చేసుకున్నారు. "ఏం నాయకు గారూ, కాఫీ దొరుకుతుందా?" అని పొద్దున్నే మొదలెట్టేవారు.

సిపాయి, నాయకు, హవల్దారు, జమేదారు, సుబేదారు. మా ఇళ్లలో పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఇవి నోటికొచ్చేవి. నాయకు చేతి మీద రెండు గీతలు, హవల్దారుకు మూడు. సుబేదారు దాటితే మనవాళ్లకు మెట్టే లేదు. నెరిసిన మీసాల సుబేదారైనా సరే, నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టాల్సిందే. కింది మెట్లయినా ఊరికే వచ్చేవా? పైవాడు చావాలి, లేదా పింఛను పుచ్చుకోవాలి. మా నాయకు తాత ఆ మూడో గీత కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసి, వరస రాకుండానే రెండు గీతలతో ఇంటికొచ్చేశారు. "ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదమ్మా, అదీ మన వంశం!" అని నాన్నమ్మ గర్వంగా చెప్పేది. ఆ గర్వం నాకూ అంటుకుంది, ఏం చెయ్యను!

విమానాలకు విమానాలు మన పిల్లలు కెనడా కాలేజీలకు వచ్చి పడుతున్న రోజుల్లో మా ఆయన్ని ఇంటి దగ్గర వదిలి నేనూ అక్కడి ఒషావా ఊళ్లో దిగాను. చదువైతే అయింది గానీ ఉద్యోగమేదీ? ఎక్కడ అప్లై చేసినా నాకంటే ముందు మనవాళ్లే బారులు తీరి ఉండేవారు. చచ్చీ చెడీ సరస్సు ఒడ్డునున్న పాత కోటలో పని దొరికింది. ఆ కోట ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్లూ బొమ్మలూ అమ్మే కౌంటర్లో నిలబడడం నా ఉద్యోగం. వేసవిలో మాత్రం మేమే ఎర్రకోట్లు తొడుక్కుని, విక్టోరియా రాణి కాలపు సైనికుల్లా పరేడ్ చెయ్యాలి. కౌంటర్ వాళ్లకు గీతల్లేని ఒట్టి సిపాయి కోటు. షాపు సూపర్‌వైజర్‌కు సార్జెంటు కోటు. దాని చేతి మీద మూడు గీతలు చూసి, 'అరే, మన హవల్దారు!' అనుకుని తొలిరోజు నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు రాలేదు. కౌంటర్ ఉద్యోగం మీద భర్తకు ఇక్కడికొచ్చే పర్మిట్ ఇవ్వరు. సూపర్‌వైజర్ అయితే మా ఆయన వచ్చేయొచ్చు. అప్పటికి ఆయన్ని ఫోన్లో తప్ప చూడక రెండో చలికాలం గడిచింది. ఇంట్లో ఉన్నప్పుడు తల తుడుచుకోకుండా వచ్చి నా పుస్తకాల మీద నీళ్లు కార్చేవారు, నేను నానా తిట్లూ తిట్టేదాన్ని. ఇక్కడ పొడిగా ఉన్న పుస్తకాలు ముందేసుకుని ఎన్నిసార్లు ఏడ్చానో! మనిషి కావాలి నాకు. వీడియోలో ఆగి ఆగి కదిలే మొహం కాదు.

ఆ వసంతంలో పాత సూపర్‌వైజర్ మానేసి వెళ్లింది. కౌంటర్లో అందరికంటే సీనియర్ని నేనే. ఇక వరస నాదే కదా! నోరు విప్పకుండా, నా పని నేను చేసుకుంటూ, పిలుపు కోసం కూర్చున్నాను. పిలుపు నా తర్వాత చేరిన నల్గొండ అమ్మాయికి వచ్చింది.

"ఎలా ఇచ్చారే నీకు?" అని నిలదీశాను. పాపం, దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను పోయి అడిగిన అక్కా. నువ్వు అడగలే గదా. నీకు ఇష్టం లేదేమో అనుకున్న."

ఆఘమేఘాల మీద మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకు కావాలని ఒక్క మాట అంటే నీకే ఇచ్చేదాన్ని. ఇప్పుడున్నది ఒక్క పోస్టే" అంది. మా తాత మీద, నాన్నమ్మ మీద, వంశం మొత్తం మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ సంగతి మా ఆయనకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పరేడ్‌ల సీజన్ వచ్చేసింది.

ఓ శనివారం పొద్దున ఆ పిల్ల జలుబుతో గొంతు పోయి వచ్చింది. పరేడ్‌కు సార్జెంటే ఆర్డర్లు అరవాలి. తన కోటు విప్పి నా చేతిలో పెట్టి, "అక్కా, నీ గొంతే పెద్దది. ఇయ్యాల నువ్వేస్కో" అని గుసగుసగా అంది. గుండీలు పెట్టుకుంటుంటే మా ఆయన వీడియో కాల్ మోగింది. విజయనగరంలో సాయంత్రం. ఏ ధ్యాసలో ఉన్నానో, అలాగే ఎత్తేశాను.

ఆయన చూపు నా చేతి మీద పడింది. సార్జెంటు కోటు ఎవరు వేసుకుంటారో ఆయనకు నేను చెప్పిందే. చటుక్కున లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు.

"హవల్దారైపోయావే! మీ తాత వల్ల కాని పని చేశావు! ఒరే తమ్ముడూ, అటక మీంచి నా సూట్‌కేస్ దించరా!"

వెనకాల స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. ఆయన మొహం అంత వెలిగిపోగా నేనెప్పుడూ చూడలేదు.

"దించొద్దనండి" అన్నాను. "కోటు నాది కాదండీ. ఈ ఒక్కపూటకే. ఉద్యోగం ఆ పిల్లకిచ్చారు. నేను అడగలేదు, అందుకని."

ఆయన చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. "ఏడవకు. కొట్టిన సెల్యూట్ కొట్టేశాను, వెనక్కి తీసుకోను" అన్నారు. నవ్వబోయి, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నారు. వెనకాల తమ్ముడు, "దించమంటావా వద్దా, అన్నయ్యా?" అని అడుగుతున్నాడు.

బయట డప్పు మోగింది. మొహం తుడుచుకుని వెళ్లి, గొంతు చించుకుని ఆర్డర్లు అరిచాను. జనం చప్పట్లు కొట్టారు. అవతలి ఒడ్డు దాకా వినిపించి ఉంటుందని మేనేజర్ మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ గొంతుతో ఆయన్ని పేరు పెట్టి పిలవాలనిపించింది.