నలుపుకూ తెలుపుకూ నడుమ అవ్వ మొహం

మొన్న సెల్లు రిపేరు అంగడిలో సోల్డరింగ్ పొగ ముక్కుకు తగలగానే పుంగనూరు ఇంట్లో మా అక్క గుర్తొచ్చింది. ఎనభైల్లో పెరిగిన నేస్తాలూ, సీసం కరిగేటప్పుడు వచ్చే ఆ గుగ్గిలం వాసన గుర్తుందా?

అప్పట్లో ఇంజనీరింగ్ చదివే అక్క సెలవులకు చిన్న కంప్యూటరు, పాత మానిటరు తెచ్చింది. ఎన్నడూ ఫొటో తీయించుకోని అవ్వను ఎదురుగా కూర్చోబెట్టి, గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, చుక్కచుక్కా కంప్యూటరులోకి ఎక్కించింది. ఆ మానిటరుకేమో నలుపు, తెలుపు తప్ప నడిమి రంగు తెలియదు.

"ఇదేందమ్మే, నా మొగం కాల్చిన వంకాయ మాదిరి ఉండాది," అంది అవ్వ.

అక్కకు రోషం వచ్చింది. బూడిద రంగు పలికించాలని మానిటరు విప్పి, లోపలి తీగలకు కరెంటును తగ్గించే రెసిస్టర్లు సోల్డరింగుతో అతికించింది. ఒకసారి బొమ్మ పైకి పరుగెత్తేది, ఇంకోసారి తెరంతా తెల్లబోయేది. సెలవులన్నీ దానికే పోయాయి. చివరికి ఒక మధ్యాహ్నం అవ్వ చెంపల ముడతలు లేత బూడిద రంగులో తేలాయి.

"అవ్వా, వచ్చి సూడు!" అని అక్క కేకేసింది.

సంకటి కెలుకుతున్న అవ్వ చేతులు కడుక్కుని వచ్చేలోపు కరెంటు పోయింది. మళ్లీ వచ్చినప్పుడు వోల్టేజీ ఎక్కువై మానిటరు కాలిపోయింది. అక్క స్క్రూడ్రైవరు విసిరికొట్టి ఏడ్చింది.

"ఎట్లుండానే నేను?" అని అవ్వ నన్నడిగింది.

"అచ్చం నీ మాదిరే ఉండావవ్వా."

"అట్లయితే ఆ డబ్బాతో ఇంత తంటా యాలనే?"

అవ్వ నవ్వేసి వెళ్లిపోయింది. ఆ కరెంటు మీద నా కోపం మాత్రం ఇప్పటికీ తీరలేదు. అవ్వ ఆ తర్వాత కూడా ఫొటో తీయించుకోలేదు.