గౌరవాధ్యక్షుడికి జామపండ్లు

జహీరాబాద్‌లో పాఠాలు చెప్పే పరిశోధక విద్యార్థులకు సంఘం పెట్టింది నేనే. నలభై మందిమి బొంబాయి రోడ్డు మీద బైఠాయించి గంటసేపు లారీలు ఆపాం. చిరాగ్‌పల్లి దాకా బారులు తీరాయి. ఈ సంగతి నా కోడళ్లకు చెప్పాను, పింఛను రోజున బ్యాంకులో నా ముందు నిలబడ్డవాళ్లకు కూడా చెప్పాను.

నలభై మంది కాదు, ఏడుగురం. రోడ్డు మీద కూర్చోలేదు, రోడ్డు పక్క చాయ్ హోటల్లో కూర్చున్నాం. లారీ ఒకటి ఆగిన మాట నిజమే. దాని టైరు పగిలింది.

ఎనభైల మొదట్లో ఒక యూనివర్సిటీ మా ఊరి అంచున, కిరాయి బంగ్లాలో పీజీ సెంటర్ నడిపేది. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మేమే ఎమ్మే పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం, పేపర్లు దిద్దేవాళ్లం. సెంటర్‌కు అధికారీ, మా అందరికీ గైడూ ఒక్కరే. పెద్దసారు అనేవాళ్లం. ఆయన సంతకం పడనిదే థీసిస్ గడప దాటదు.

మా ఏడుగురిలో పెద్దవాడు ఝరాసంగం ఊరి అన్న. ఇద్దరు పిల్లల తండ్రి. జొన్న రైతుల మీద ఆయన రాసిన థీసిస్ టైపయింది, బైండయింది, సంతకమే తరువాయి. ఈలోగా ఏదో కాలేజీలో లెక్చరర్ పోస్టు పడింది. ఐదేళ్లు పాఠం చెప్పినట్టు కాగితం ఇమ్మని ఆఫీసుకు వెళ్తే గుమస్తా రిజిస్టరు తిరగేశాడు.

"నువ్వు ఈడ స్టూడెంటువే గద భయ్. స్టూడెంటుకు గా సర్టిఫికెట్ ఎట్లిస్తం?"

"మరి ఐదేండ్ల సంది బోర్డు మీద రాసింది ఎవరు, మీ తాతనా?" అని అడిగి అన్న బయటికొచ్చేశాడు.

ఆ సాయంత్రమే హోటల్లో కూర్చున్నాం. సంఘం రిజిస్టరు కావాలంటే ఏడుగురు ఉండాలి, ఒక్కడు తగ్గినా కుదరదు. మేం సరిగ్గా ఏడుగురమే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని పేర్లు రాసే పని నాకిచ్చారు. అన్న పేరే మొదట రాశాను.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. "మరి గౌరవాధ్యక్షుడు ఎవరు?" అన్నాను.

మా దగ్గర గౌరవాధ్యక్షుడు లేకుండా ఏదీ మొదలు కాదు. భజన మండలికీ ఉంటాడు, వాలీబాల్ టీముకూ ఉంటాడు. కరపత్రం మీద అందరికన్నా పైన ఒక పెద్దమనిషి పేరు పడాలి. పెద్దసారునే అడుగుదామన్నాను.

"ఎవలి మీద సంఘం పెడ్తున్నమో ఆయన్నే కుర్సీల కూసోబెడ్తవా తమ్మీ?" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. అయినా వద్దని గట్టిగా ఎవరూ అనలేదు. "సారు మంచోడే, సుట్టున్నోళ్లే గట్ల," అన్నారొకరు. పెద్దాయనకు చెప్పకుండా చేస్తే మర్యాద కాదన్నారు ఇంకొకరు. చివరికి అన్న కూడా సరే అన్నాడు. "అందరం పోతే ధర్నా లెక్కుంటది. నువ్వొక్కనివే పో."

మర్నాడు కోహీర్ జామపండ్ల బుట్ట ఒక చేత్తో, జాబితా ఇంకో చేత్తో పట్టుకుని సారు ఇంటికి వెళ్లాను. ఆయన ఒక పండు కోసి, ఉప్పు అద్దుకుని తింటూ కాగితం చదివాడు.

"ఇది నీ ఆలోచనా?" అన్నాడు.

అవును సార్ అని రొమ్ము విరిచి చెప్పానని చాలా చోట్ల చెప్పుకున్నాను. చెప్పలేదు. "వాళ్లు ఇచ్చి రమ్మన్నరు సార్," అన్నాను.

"మంచిది. కాగితం ఇక్కడ పెట్టు. బుట్ట లోపల ఇచ్చి వెళ్లు."

వారం తిరక్కుండా ఆరుగురి క్లాసులూ పోయాయి. ఐదుగురు తప్పయిందని రాసిచ్చి మళ్లీ చేరారు. అన్న రాసివ్వలేదు. ఆయన థీసిస్ సారు బల్ల మీదే ఉండిపోయింది. వెళ్లినప్పుడల్లా ఇంకో అధ్యాయం మార్చమనేవాడు సారు. లెక్చరర్ పోస్టు వేరేవాళ్లకు పోయింది. రెండేళ్లు తిరిగి తిరిగి, ఒకరోజు ఆ కట్ట సంచిలో వేసుకుని అన్న ఝరాసంగం బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. జాబితాలో మొదటి పేరు ఆయనది కాబట్టే సారుకు అంత కోపం అనుకున్నాను.

నా క్లాసులు పోలేదు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు పింఛనూ వస్తోంది. ఎందుకంటే ఆ జాబితాలో నా పేరు లేదు. అందరి పేర్లూ రాసే తొందరలో నా పేరు రాయడం మరిచిపోయాను.

పోయిన నెల, ఇంతవరకు రాసిన ఈ కాగితాలు తీసుకుని ఝరాసంగం వెళ్లాను. అన్న వాకిట్లో కందులు ఎండబోసి కూర్చున్నాడు. ఆయన థీసిస్ ఇంట్లో గింజలు పోసే గుమ్మి మీద, పురుగు పట్టకుండా వేసిన వేపాకు కింద ఉంది. ఇక్కడిదాకా చదివి వినిపించాను. కందులు చేత్తో పలచగా నెరుపుతూ చివరిదాకా విన్నాడు.

"లారీల ముచ్చట మంచిగ రాసినవ్," అన్నాడు. "పేరు కాడ అబద్ధం రాసినవ్."

"మర్శిపోయిన అన్నా."

"మర్శిపోతే కాయితం మీద ఆరే ఉంటుండె. నువ్వు ఏడు అని నంబరేసి, పక్కన ఖాళీ ఇడ్శిపెట్టినవ్. సారు గా కాయితం నా ముంగట పెట్టిండు. ఏడోటోడు ఎవడో చెప్పు, గిప్పుడే నీ థీసిస్ మీద సంతకం పెడ్త అన్నడు. నేను చెప్పలే. గది రాయి."