ఫోనుకి పెట్టిన బొట్టు

పిల్లలూ, మీ చిన్న మావయ్య పెళ్ళికి పసుపు కొట్టిన రోజున మనింట్లో రోలుంది, రోకలుంది, పళ్ళెం నిండా పసుపు కొమ్ములున్నాయి, పట్టుచీరలు కట్టుకున్న ముత్తైదువలున్నారు. మొదటి పోటు వెయ్యాల్సిన మనిషి మాత్రం లేదు. ఆవిడ రాకపోవడానికి కారణం వానా కాదు, బస్సూ కాదు. నా బొట్టుబిళ్ళ. కందిగింజంత కూడా ఉండని ఆ బిళ్ళ బందరుకీ దివిసీమకీ మధ్య ఎంత పని చేసిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీ తాతయ్య ఇప్పటికే అందరికీ చెప్పి నవ్వించారు కాబట్టి కొత్తగా పోయే పరువేమీ మిగల్లేదు.

అంతకుముందు నా దగ్గర బటన్ల ఫోను ఉండేది. పచ్చది నొక్కితే మాట, ఎర్రది నొక్కితే సెలవు. కళ్ళజోడు లేకపోయినా వేలికి తెలిసేది. అది కాస్తా పెళ్ళి పనుల హడావుడిలో బట్టలు నానబెట్టిన బకెట్లో పడి కన్నుమూసింది. పెళ్ళివారి ఇంట్లో ఫోను లేకపోతే ఎలాగని మీ అమ్మ పూనా నుంచి వచ్చినప్పుడు నాకొక టచ్ ఫోను కొనిపెట్టింది. అందులో మన వాళ్ళందరి ఫొటోలూ పెట్టి, మొహం మీద నొక్కితే వాళ్ళకి ఫోను వెళ్ళేలా చేసింది. "అడుగున ఎడం పక్క పచ్చటి గుండ్రంలో ఫోను బొమ్మ ఉంటుందమ్మా. అది నొక్కితే ఈ మొహాలొస్తాయి. అంతే," అంది. అంతే అనేసి రైలెక్కేసింది.

ఆ "అంతే" అన్న మాట ఉందే, అది తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చేసే అన్యాయం. మీ అమ్మ రైలు గుడివాడ దాటిందో లేదో, ఆ పచ్చ గుండ్రం నాకు కనిపించడం మానేసింది. ఆ తెర మీద పచ్చటివి ఒకటా రెండా, సంతలో ఆకుకూరల్లా ఎటు చూసినా అవే. పూలావిడకి ఫోను చేద్దామని నొక్కితే పట్టపగలు టార్చి వెలిగింది. అది ఆర్పుదామని నొక్కితే కెమెరా తెరుచుకుని నా గడ్డం కింది నుంచి కొండచరియలా కనిపించింది. ఇంకోటి నొక్కితే లెక్కలు కట్టే యంత్రం వచ్చింది. దాని మీద పూలావిడ నంబరు మొత్తం కొట్టి చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మీ తాతయ్య చూసి, "లెక్క తేలిందా?" అని అడిగి వెళ్ళిపోయారు.

ఆయన తన ఫోను తీసుకోమనే అనేవారు. కానీ ఇస్తే పక్కనే నిలబడతారు. నేను మాట్లాడే ప్రతి మాటకీ కనుబొమలు ఎగరేస్తారు. పెళ్ళికొడుకు తల్లికి ఆ మాత్రం సొంత ఫోను ఉండొద్దా.

ఉపాయం నాకు అద్దం ముందు తట్టింది. స్నానానికి వెళ్తూ నుదుటి బొట్టు తీసి అద్దానికి అంటించడం మా వాళ్ళందరికీ అలవాటే. మన అద్దం అంచున ఎప్పుడు చూసినా చీమల బారులా బిళ్ళలుంటాయి. వాటిని చూస్తూ అనుకున్నాను కదా, ఫోను మాత్రం ఏంటి, అదీ అద్దమే. మీ తాతయ్య చేత పచ్చ గుండ్రం ఒక్కసారి చూపించుకుని, సరిగ్గా దాని నడినెత్తిన మెరూను బిళ్ళ ఒకటి అంటించాను. పల్చటి బిళ్ళ కదా, పైన నొక్కితే కిందికి అందింది. మొహాలన్నీ బారుగా వచ్చేశాయి. ఆ రోజు నా అంత తెలివైన ఆడది కృష్ణా జిల్లాలో ఇంకొకతె లేదని నాకు గట్టిగా అనిపించింది. పూలావిడకీ వంటాయనకీ సన్నాయి వాళ్ళకీ నేనే ఫోను చేసి మాట్లాడాను. అవసరం లేనివాళ్ళకి కూడా చేశాను. మీ తాతయ్య చూసి, "బొట్టు పెట్టావు, బాగానే ఉంది. గాజులు ఎప్పుడు తొడుగుతావు?" అన్నారు. కుళ్ళని సరిపెట్టుకున్నాను.

ఇక్కడ మీకు అవనిగడ్డ వదిన సంగతి చెప్పాలి. ఆవిడ మీ తాతయ్యకి సొంత అక్క. పెళ్ళికొడుక్కి మేనత్త. మనింట్లో పసుపు కొట్టేటప్పుడు పెద్దాడపడుచు మొదటి పోటు వేస్తేనే మిగతావాళ్ళు రోకలి ముట్టుకుంటారు. మంచి మనిషి, ప్రాణం పెడుతుంది. కాకపోతే మర్యాదలో ఆవగింజంత తేడా వచ్చినా ఆవిడ దాన్ని గుమ్మడికాయంత చేసి దాచుకుంటుంది. మీ తాతయ్య చిన్నాన్న కూతురు విజయ, గుడివాడలో ఉంటుంది, తనూ వరసకి ఆడపడుచే. వాళ్ళిద్దరికీ ముందునుంచీ పోటీ. తను ఉండాల్సిన చోట విజయ చేత మొదటి పోటు వేయిస్తే వదిన మళ్ళీ మన గుమ్మం తొక్కదు. నా భయమంతా అదే.

నేనూ మీ తాతయ్యా అవనిగడ్డ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచి వచ్చాం. కారు పంపిస్తామన్నాం. "ఎప్పుడు పంపాలో నేనే ఫోను చేసి చెబుతాలే," అంది వదిన. నేను సరేనన్నాను.

ముందు రోజు సాయంత్రం ఫోను మోగింది. తెర నిండా వదిన మొహం. నేను చెయ్యి తుడుచుకుని, బొట్టు నొక్కి, "చెప్పండి వదినగారూ," అన్నాను. అవతల చప్పుడు లేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ బొట్టు నొక్కాను, మళ్ళీ అంతే. నేను తిరిగి చేస్తే రెండు సార్లు మోగి ఆగిపోయింది. సముద్రపు గాలికి సిగ్నల్ నిలవడం లేదని అందరికీ చెప్పాను. అప్పటికి రెండు రోజులుగా ఎవరు ఫోను చేసినా ఇదే వరస. వంటాయనా పూలావిడా నేను తిరిగి చేస్తే మాట్లాడారు కాబట్టి నాకు అనుమానం రాలేదు. సిగ్నల్ గురించి వాళ్ళ చేత కూడా ఒప్పించాను.

తెల్లారి కూడా వదిన మొహం వచ్చింది. బొట్టు నొక్కాను. వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇక రాలేదు.

రోలు చుట్టూ ముగ్గు వేశాం. రోకలికి పసుపు రాశాం. గుడివాడ విజయ నెమలికంఠం రంగు పట్టుచీరలో పొద్దున్నే వచ్చి, రోలుకి దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కారు వాకిట్లో వదిన కబురు కోసం ఎదురు చూస్తోంది. పంతులుగారు ఒంటిగంట దాటితే మంచి ఘడియలు పోతాయన్నారు. చివరికి మీ తాతయ్య తన ఫోనులోంచి వాళ్ళ బావగారికి చేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను, కనుబొమలు కూడా ఎగరేశాను.

"మీ అక్కయ్య రానంటోందయ్యా," అన్నారు ఆయన. "నిన్నట్నుంచీ ఫోను చేస్తుంటే సుశీల కట్ చేస్తోందట. పెళ్ళికొడుకు తల్లి అయ్యాక మేం కళ్ళకి ఆనడం లేదా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

మీ తాతయ్య నా వైపు తిరిగారు. "అక్కయ్య ఫోను కట్ చేశావా?"

"నేనెందుకు చేస్తానండీ. ఎత్తుతూనే ఉన్నాను."

"ఏదీ, నా ఎదురుగా ఎత్తు," అని తన ఫోనులోంచి నాకు చేశారు. ముత్తైదువలంతా మాటలాపి చూస్తున్నారు. తెర మీద ఆయన మొహం వచ్చింది. నేను నింపాదిగా బొట్టు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. "హలో," అన్నాను, మూరెడు దూరంలో ఉన్న మనిషితో.

"కట్ చేశావు."

"ఎత్తానండీ."

ఆయన మళ్ళీ చేశారు. ఈసారి నన్ను ముట్టుకోనివ్వకుండా గోటితో ఆ బిళ్ళ అంచు లేపి పీకేశారు. కింద ఎర్రటి గుండ్రం ఉంది. పచ్చటిది కుడి పక్క దూరంగా, నాకేం సంబంధం లేదన్నట్టుగా వెలుగుతోంది. అప్పుడు తెలిసింది నాకు. మనం ఫోను చెయ్యడానికి నొక్కే చోటే, అవతలివాళ్ళు చేసినప్పుడు కట్ చేసే గుర్తు వచ్చి కూర్చుంటుంది. బొట్టు ఉన్నచోటే ఉంది, దాని కింద బొమ్మలే మారిపోతున్నాయి. బిళ్ళ లేకపోతే ఎర్రది చూసైనా ఆగేదాన్ని. విజయ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, సంతోషం దాచుకోవడానికో నేను అడగలేదు.

ఉన్నపాటున కారెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వంతెన ఎక్కేదాకా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. వదిన వసారాలో కూర్చుని ఉంది. పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, నగలన్నీ పెట్టుకుని, రానని కూర్చుని ఉంది.

"ఎందుకమ్మా ఇంత దూరం వచ్చావు? ఫోనులోనే కట్ చేస్తే సరిపోయేదిగా."

"వదినగారూ, నేను కట్ చెయ్యలేదు. నా బొట్టు కట్ చేసింది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏవండీ, ఈ అమ్మాయికి ఎండ తగిలినట్టుంది, మంచినీళ్ళు తెండి," అంది.

ఇలా కాదని, చేసి చూపిద్దామని నుదుటి బొట్టు మీద చెయ్యి వేశాను. వదిన గబుక్కున పట్టుకుంది. "పెళ్ళి పెట్టుకుని నుదుటి బొట్టు తీస్తావేంటి. ఉండు, మా అద్దం మీదున్నాయి," అని లోపలికి వెళ్ళి ఒకటి తెచ్చింది. నేను దాన్ని పాత చోటే అంటించాను. ఆవిడ తన ఫోనులోంచి నాకు చేసింది. నేను బొట్టు నొక్కాను. ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ చేసి, ఈసారి తనే నొక్కి చూసింది. మళ్ళీ చేసి మళ్ళీ నొక్కింది. తన పరువు పోలేదని ప్రతి నొక్కుకీ మొహం కొంచెం కొంచెం విచ్చుకుంది. ఆఖరికి వాళ్ళాయన, అన్నయ్యగారు, ఇక కారెక్కితే బాగుంటుందేమోనని గుర్తు చేశారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. చల్లపల్లి దాటాక నా ఫోను మోగింది. మీ తాతయ్య. "ఇటివ్వు, మా తమ్ముడికి నేను చెబుతాను," అని వదిన ఫోను లాక్కుంది. లాక్కుని, ఇంతసేపూ ప్రాక్టీసు చేసిన వేలు కదా, తిన్నగా వెళ్ళి బొట్టు నొక్కింది.

తిరిగి చేస్తే ఆయన ఎత్తలేదు.

మేం వాకిట్లో దిగేసరికి విజయ చేతిలో రోకలి గాల్లో ఉంది.

"విజయా, దింపమ్మా," అంది వదిన గుమ్మంలోంచి.

"నువ్వు రానన్నావటగా అక్కా."

"ఎవరన్నారు?"

"నేనే," అన్నారు మీ తాతయ్య. "వస్తున్నారా లేదా అని ఫోను చేస్తే కట్ చేశారు. కట్ చేస్తే రానని కాక ఇంకేమనుకోవాలి?"

వదిన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, విజయ చేతిలోంచి రోకలి అందుకుంది. "నేనే కట్ చేశాలేరా. బొట్టు పెట్టి పిలిచారు, రాకుండా ఎలా ఉంటాను," అని మొదటి పోటు వేసింది. రెండో పోటుకి విజయని తనే పిలిచింది.

ఆ సాయంత్రమే ఫోను మీది బిళ్ళ తీసేసి, దేవుడి గదిలో దీపం ముందు నిలబడి ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ ఫోనుకీ బొట్టు పెట్టను. మీరు ఫోను చేస్తే కుడి పక్క పచ్చదే నొక్కుతాను. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు.

టీవీ రిమోటు మీద ఒకటుంది, అది ఈ లెక్కలోకి రాదు. అందులో బటన్లు ఉన్నచోటే ఉంటాయి.