కోర్టులో పలికిన రెండు పేర్లు

మంత్రి పేరు చెప్పడానికి నా నోరు వణకలేదు. మా ఆయన పేరు చెప్పడానికే ప్రాణం మీదికి వచ్చింది.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు అది. మాది గోపన్‌పల్లి. నాకప్పుడు పదిహేడేళ్లు. రైతుల దగ్గర కొలుచుకునే లెవీ ధాన్యం సంగతి చూడటానికి కొత్త సర్కారు మంత్రి ఒకాయన మా వైపు జీపులో వచ్చాడు. ఊరంతా చేతులు కట్టుకుని నిలబడితే మా ఆయన మాత్రం, విత్తనాలు కూడా కొలుచుకుపోతే మేమేం చల్లాలి, మీ టోపీలా అని అడిగాడు. జనం నవ్వారు. మంత్రీ నవ్వాడు. మూడో రోజు పోలీసులు వచ్చి, కల్లంలో ఉన్న మనిషిని ఉన్నపళంగా ఎక్కించుకుపోయారు. పెళ్లైన కొత్తలో ఏ నోటిని చూసి మురిసిపోయానో, ఆ నోటినే రెండు నెలలు తిట్టుకున్నాను.

ఏ జైల్లో ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. అడగడానికి వెళ్లిన మా నాయనను ఠాణాలో పొద్దంతా ఎండలో నిలబెట్టి పంపారు. అత్త మంచం పట్టింది. చివరికి పట్నంలో ఒక వకీలు దొరికాడు. మనిషిని తెచ్చి చూపించమని పెద్ద కోర్టుకు అర్జీ పెట్టవచ్చన్నాడు. ఆయన్ని పట్టుకుపొమ్మన్న హుకుం మీద సంతకం చేసింది ఆ మంత్రేనట, ఆ పేరు అందులో రాయాలట, అర్జీ భార్య పేరు మీద ఉండాలట. రేపు ఇంకో జీపు వచ్చి నాయనను కూడా ఎక్కించుకుపోతే నేనెవరి దగ్గరికి పోవాలి? అయినా వేలిముద్ర వేశాను.

కోర్టు రోజు లింగంపల్లి దాకా బండిలో, అక్కడి నుంచి రైల్లో వెళ్లాం. సర్కారు వకీలు ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. మా వకీలు అదంతా నా చెవిలో చెప్పాడు. మంత్రి చేసిన పనికి కారణం అడిగే అధికారం కోర్టుకు లేదట. పైగా నేను ఆ ఖైదీ భార్యనే కాదట, ఎవరో నేర్పి పంపితే వచ్చానట.

జడ్జి నన్ను పిలిపించి, ఎవరి మీద ఫిర్యాదని అడిగాడు. మంత్రి పేరు గడగడా చెప్పేశాను. మీ ఆయన పేరేమిటన్నాడు. నోరు పెగల్లేదు.

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా ఇళ్లలో నమ్మకం. ఆయనకు ఏ దేవుడి పేరు పెట్టారో ఆ దేవుడిని కూడా నేను ‘ఆ సామి’ అనే మొక్కేదాన్ని. నాయన వెనక నుంచి చెప్పబోతే ఆపేశారు. నేనే చెప్పాలట. సర్కారు వకీలు జడ్జితో ‘చూశారా’ అన్నట్టు నా వైపు చేయి చూపించాడు. అసలే ఉన్నాడో లేడో తెలియని మనిషి, ఆ మిగిలిన ఆయుష్షు కూడా నేనే కోసేస్తానేమో అనిపించింది.

“చెప్పు బిడ్డా,” అన్నాడు మా వకీలు మెల్లగా. “నువ్వు చెప్పకుంటే ఆయన లేనట్టే ఇగ.”

కళ్లు మూసుకుని చెప్పాను.

జడ్జి రాసుకున్నాడు. సంతకం పెట్టింది మంత్రి అయినా దానికి జవాబు చెప్పాల్సిందేనన్నాడు. నాలుగో రోజుకు మనిషిని తేవాలి, లేదా మంత్రే వచ్చి తన ముందు నిలబడాలి.

ఆ నాలుగు రోజులూ ముద్ద దిగలేదు. పేరు పలికిన సంగతి అత్తకు చెప్పలేదు. జైల్లో ఆయనకు ఏమన్నా అయితే అది మంత్రి పాపమా, నా పాపమా అని ఒకటే భయం.

నాలుగో రోజు తెచ్చారు. గడ్డం పెరిగి, భుజాలు ముడుచుకుపోయి ఉంటే మొదట నేనే గుర్తుపట్టలేదు. బంట్రోతు పేరు పిలిచాడు. ఆయన పలకలేదు. జడ్జి పిలిచాడు. నేల చూస్తూనే నిలబడ్డాడు. పేరు పిలిస్తే దెబ్బ పడే చోట రెండు నెలలు ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. పేరుకు పలికితే తప్ప విడుదల రాయరని మా వకీలు గాబరా పడుతున్నాడు. ఈసారి నన్నెవరూ అడగలేదు. కోర్టంతా వినేలా నేనే ఆయన్ని పేరు పెట్టి పిలిచాను.

తలెత్తి నన్ను చూశాడు.

“మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తవా ఏందే,” అన్నాడు.

ఆ నోరు ఇంకా ఉంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.